కార్ఖానా రోడ్డు మీద మా నల్లబల్ల

ఆ సోమవారం పొద్దున బడికి బయల్దేరి రోడ్డు మీదికి వచ్చేసరికి మా బస్టాపు లేదు. శనివారం సాయంత్రం నేను దిగిన స్టాపే అది. పైన రేకుల కప్పూ, కింద ఇనుప బెంచీ, బెంచీ కింద ఎప్పుడూ పడుకుని ఉండే గోధుమరంగు కుక్కా, ఏదీ లేదు. ఆ జాగాలో మనిషి కంటే ఎత్తున నీలం రేకులు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి మీద ఒక కుటుంబం రైల్లో కూర్చుని నవ్వుతున్న బొమ్మ, దాని కింద ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అన్న మాట ఉన్నాయి. స్టాపు ఎక్కడికి మార్చారో మాత్రం ఎక్కడా రాసి లేదు.

నాలాగే ఇంకో పదిమంది ఆ రేకుల ముందు నిలబడి ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటున్నారు. మేం చేతులెత్తి ఊపుతుండగానే మా బస్సు ఆగకుండా వెళ్లిపోయింది.

“టీచరమ్మా! ఆడ నిలబడితే ఏం ఫాయిదా లేదు. స్టాపు పెట్రోల్ బంకు అవతలికి పోయింది. జెర నడువుండ్రి!”

రోడ్డు పక్క దుకాణంలోంచి మా టైలర్ మాస్టర్ గారు మెడలో టేపుతో బయటికి వచ్చి అరుస్తున్నారు. “పొద్దుగాల నుంచి గిదే పని. ఒక్కడు సుత ముందుగాల చెప్పలేదు. మనుషులను పరేషాన్ జేసుడు గాకపోతే ఏందీ ఇది?”

మాస్టర్ గారిది జనగామ వైపు. చిన్నతనంలో రెజిమెంటల్ బజార్‌లో మిలిటరీ యూనిఫారాలు కుట్టే కొట్టులో పని నేర్చుకుని, తర్వాత ఈ కార్ఖానా రోడ్డు మీదే సొంత దుకాణం పెట్టుకున్నారు. ఒక మిషన్ మీద ఆయన, రెండో మిషన్ మీద ఆయన భార్య. చీరలకు ఫాల్స్, పికో, జాకెట్లకు ఉక్సులు, కాజాలు ఆవిడవి. కత్తెర మాత్రం ఆయన ఇంకొకరి చేతికి ఇవ్వరు. నేను గుంటూరు నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చిన ఏడాది క్రిస్మస్‌కి మొదటి జాకెట్టు ఆయన దగ్గరే కుట్టించుకున్నాను. అప్పటినుంచి నా కొలతలు పెరగడం నాకంటే ముందు ఆయనకే తెలుస్తోంది. ఆ సంగతి ఒక్క మాటైనా పైకి అనకుండా లోపల అదనపు గుడ్డ వదిలి కుట్టే మర్యాద ఆయనది.

మా రోడ్డు మీదుగా మెట్రో లైను వస్తుందని మేం ఎన్నో ఏళ్లుగా వింటున్నాం. మొదట మూడుకాళ్ల స్టాండు మీద దుర్భిణి లాంటిది పెట్టుకుని కొందరు వచ్చారు. తర్వాత గోడల మీద ఎర్ర రంగుతో గీతలు పడ్డాయి. ఆ గీతకు ఇవతల ఉన్నది ఉంటుందో, అవతల ఉన్నది ఉంటుందో అడిగితే గీసినవాళ్లు, “మాకు గీయమన్నారండీ, అంతే” అన్నారు. మాస్టర్ గారి దుకాణం మెట్ల మీద కూడా ఒక గీత పడింది. ఆయన భార్య దాన్ని రోజూ తుడిచేది. నెలకోసారి ఎవరో వచ్చి మళ్లీ గీసేవారు.

రేకులతో పాటు ఒక పెద్ద బోర్డు కూడా వెలిసింది. పని ఉగాదికల్లా పూర్తవుతుందని దాని మీద ఉంది. ఉగాది పోయాక ఆ మాట మీద కాగితం అంటించి దసరా అన్నారు. దసరా వచ్చి వెళ్లాక కాగితం మీద తెల్లరంగు పూశారు. ఆ తెలుపు అలాగే ఉండిపోయింది. బోర్డు కింద ఒక ఫోన్ నంబరు ఉంటే ఒకరోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో కూర్చుని దానికి చేశాను. ఫోన్‌లో చాలాసేపు వీణ వాయించారు. చివరికి ఒకాయన ఎత్తి, నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, “అయితే మేడమ్, అక్కడ పని మొదలైందంటారా?” అని నన్నే అడిగాడు. ఆ మాట స్టాఫ్ రూమంతా చెప్పుకుని వారం రోజులు నవ్వుకున్నాం.

మాస్టర్ గారికి మాత్రం నవ్వులాట కాలేదు. రోడ్డులో ఒకరోజు ఒక వైపు మూసేవారు, ఇంకోరోజు ఇంకో వైపు. స్టాపు బంకు అవతలి నుంచి మందుల షాపు ముందుకు, అక్కణ్ణించి మళ్లీ బంకు దగ్గరికి తిరిగింది. రోడ్డు మీద నిలబడ్డ ప్రతివాళ్లకీ ఎదురుగా కనిపించేది ఆయన దుకాణమే. బస్సు ఎక్కడాగుతుంది, ఆటో ఎటు పోతుంది, నీళ్లెందుకు రావడం లేదు, మెట్రో ఎప్పుడొస్తుంది, అన్నీ ఆయన్నే అడిగేవారు. ఆయనకు ఎవర్నీ పొమ్మనడం చేతకాదు. అలా ఒకరికి దారి చెబుతూ చెబుతూ ఎవరిదో పెళ్లి జాకెట్టుకు రెండు చేతులూ కుడివైపువే కత్తిరించేశారు.

ఆరోజు సాయంత్రం నేను వెళ్లేసరికి మాస్టర్ గారి భార్య కోపంగా ఉంది. “చూడుండ్రి టీచరమ్మా. రోడ్డుకు జవాబులు చెప్పుడే పనైతే మిషన్ ఎందుకు? ఒక బోర్డు రాసి బయట పెట్టుమను. నోరు బందు జేసి కుట్టుకొమ్మను.”

“నాకు తెలుగు చదువొస్తది గని రాయనీకి చెయ్యి తిరగదు,” అన్నారు మాస్టర్ గారు. కొలతల పుస్తకం ఆయన ఉర్దూలో రాసుకుంటారు.

“నేను రాస్తాను,” అన్నాను.

రాంగోపాల్‌పేట్‌లో మా బడికి అప్పుడే కొత్త తెల్లబోర్డులు వచ్చాయి. పాత నల్లబల్లలు మెట్ల కింద గోడకానించి ఉన్నాయి. హెడ్మాస్టరు గారిని అడిగి ఒక చిన్నది తీసుకుని, ఆటోలో నా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మాస్టర్ గారు దాని మూలకి ఇనుప కొక్కెం బిగించి షట్టర్ పక్కన వేలాడదీశారు.

మరునాటి నుంచి అది మా పద్ధతి అయింది. ఆయన తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని మసీదు నుంచి నేరుగా ఇంటికి రాకుండా రేకుల వెంట చివరిదాకా నడిచి, ఎక్కడ తవ్వారో, ఎక్కడ తాడు కట్టారో చూసి వచ్చేవారు. నేను బస్సుకు పోతూ పోతూ ఆయన చెప్పింది రాసేదాన్ని. మొదటిరోజు ‘దారి మళ్లింపు’ అని రాశాను.

“గట్లంటే ఎవనికి తెలుస్తది టీచరమ్మా? దారిని మళ్లిస్తున్నరా, మనుషులనా?”

“మరి ఏం రాయమంటారు?”

“ఇటు పోవద్దు, అటు పోండి. గంతే.”

నేను ఇరవై ఆరేళ్లుగా తెలుగు చెబుతున్నాను. ఆ పొద్దున మంచి తెలుగు వాక్యం ఒక టైలర్ నాకు నేర్పారు. బల్ల తుడిచి అలాగే రాశాను. మొత్తం మూడు వరుసలు: బస్సు ఎక్కడ ఆగుతుంది, రోడ్డు ఎక్కడిదాకా ఉంది, మెట్రో సంగతి ఏమిటి. మూడో వరుసలో రోజూ ఏదో ఒకటి పెట్టేవాళ్లం. పేపర్లో వచ్చిందో, ఎవరో అన్నదో. నీళ్లు రాని రోజు ఆ మాట కూడా కింద చేర్చేవాళ్లం.

పది రోజుల్లో ఆ బల్లకు పేరొచ్చింది. ఆటోవాళ్లు వేగం తగ్గించి చదువుకుని పోయేవారు. పాలవాడు తన ఇళ్లలో చెప్పేవాడు. సైకిల్ మీద పోయే పెద్దాయన ఒకరు, ‘కుళాయి’కి నేను హడావిడిలో దీర్ఘం మరిచిపోతే దిగి మరీ దిద్దారు. ఒకరోజు పసుపు టోపీ పెట్టుకున్న సైటు ఇంజినీరు వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు. శ్రీకాకుళం కుర్రాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్లయిందట. బల్లను ఫోన్‌లో ఫొటో తీసుకుని, “మధ్యాహ్నం నీటి పైపు పని అని రాసినారు, మీకెవరు సెప్పినారండీ? మాకే సెప్పనేదు,” అన్నాడు.

“నీళ్ల ట్యాంకర్ డ్రైవర్ చెప్పిండు బేటా. కూర్చో, చాయ్ తాగు,” అన్నారు మాస్టర్ గారు.

అప్పటినుంచి ఆ అబ్బాయి మధ్యాహ్నం క్యారేజీ దుకాణంలో గుడ్డలు కత్తిరించే బల్ల మీదే విప్పేవాడు. ఆవిడ అతని అన్నం మీద తను వండిన పుల్లటి పప్పు, ఖట్టా దాల్ పోసేది. అతను తనకు తెలిసింది చెప్పేవాడు. ఆఫీసు వాళ్లు చెప్పని సంగతులు మాకు అతని ద్వారా తెలిసేవి. నిజం చెప్పొద్దూ, నాకు కొంచెం గర్వం కూడా పట్టుకుంది. ఆ రోడ్డు మొత్తానికి నా చేతిరాతే దిక్కయినట్టు, అక్షరాలకు వంపులు పెట్టి రాయడం మొదలుపెట్టాను. మా ఆయన అయితే, “కలెక్టరమ్మ గారు బయల్దేరారు,” అని నవ్వేవారు.

ఒక శనివారం సాయంత్రం ఇంజినీరబ్బాయి సంతోషంగా వచ్చాడు. “రేపు పొద్దున్న ఆరుకల్లా రోడ్డు మొత్తం వదిలేత్తామండీ. పైనుంచి ఆర్డరొచ్చింది.”

నెలల తరబడి రాసిన ‘ఇటు పోవద్దు’ల తర్వాత ఎంత మంచి వార్త! బల్ల నిండా పెద్ద అక్షరాలతో రాశాను: ‘రేపు ఉదయం ఆరు గంటల నుంచి రోడ్డంతా తెరిచి ఉంటుంది.’ చుట్టూ రంగు సుద్దతో పూలతీగ గీశాను. మాస్టర్ గారు వెనక్కి జరిగి చూసి, “మస్తుగుంది,” అన్నారు.

ఆదివారాలు బల్ల రాయడమూ, మాస్టర్ గారి పొద్దుటి నడకా ఉండవు. ఆ ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చోబోతుంటే మాస్టర్ గారు ఫోన్ చేశారు. ఆయన ఎప్పుడూ నాకు ఫోన్ చేయరు. “రోడ్డు ఇడ్వలేదు టీచరమ్మా. క్రేన్ అడ్డం పెట్టిన్రు. మన వెనక గల్లీ పిల్ల పరీక్ష పోగొట్టుకున్నది. జెర రాగలరా?”

ఆ అమ్మాయి నాకు తెలుసు. తొమ్మిదో తరగతిలో నా దగ్గర తెలుగు చదువుకుంది. తండ్రి లేడు, తల్లి ఒక నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తుంది. ఆ ఆదివారం ఆమెకు ఒక ఉద్యోగ పరీక్ష ఉంది, ప్యారడైజ్ చౌరస్తా అవతల ఒక కాలేజీలో. అలాంటి పరీక్షలకు గేటు మూసే వేళ దాటితే ఒక్క నిమిషమైనా లోపలికి రానివ్వరు. శనివారం సాయంత్రం మా బల్ల చదివి, రోడ్డు తెరుస్తారు కదా అని మామూలు టైముకే ఆటో ఎక్కింది. క్రేన్ దగ్గర ఆటో ఆగిపోయింది. దిగి పరుగెత్తింది. ఆమె చేరేసరికి గేటుకి తాళం పడింది. లోపల పిల్లలు మెట్లెక్కుతూ కనిపిస్తున్నారట.

నేను వెళ్లేసరికి దుకాణం ముందు ఆమె తల్లి నిలబడి ఉంది. నన్ను చూసి, “మీరేనామ్మా ఈ బోర్డు రాసేది?” అని అడిగింది. అవునన్నాను. ఆవిడ తిడుతుందేమోనని చూశాను. పూలతీగను కాసేపు చూసి, చెంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది. ఇంతకంటే నాలుగు మాటలు అంటే బాగుండేది.

మాస్టర్ గారు బట్ట తడిపి బల్లను తుడిచారు. కొక్కెం నుంచి దించి, ముందు వైపు గోడకు తిప్పి ఒక మూల నిలబెట్టారు. “బస్, అయిపోయింది. నాకెందుకొచ్చిన పని ఇది,” అన్నారు.

సాయంత్రం ఇద్దరం కలిసి ఆ ఇంటికి వెళ్లాం. మాస్టర్ గారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసింది. కళ్లు వాచి ఉన్నాయి.

“తప్పు నాదమ్మా. నేను చూడని మాట రాయించిన,” అన్నారాయన.

“రాసింది నేను,” అన్నాను.

ఆ అమ్మాయి నా ఎదురుగా వచ్చి కూర్చుంది. తర్వాత, “ఆ మెట్రో వాళ్ల బోర్డు మీద ఉంటే నేను నమ్మకపోదును మేడమ్. గంట ముందే బయల్దేరేదాన్ని. మీ చేతిరాత చూసి నమ్మాను,” అంది. ఆమె గొంతులో కోపం లేదు. ఉన్నమాట చెప్పింది, అంతే. వాళ్లమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి వచ్చేశాం.

ఆఫీసు వాళ్ల మీద నాకున్న కోపం ఆ వారమంతా వింతగా మారిపోయింది. పోలేదు, కానీ దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. ఎవరో సంతోషంగా చెప్పిన మాటను సంతోషంగా రాసేయడం ఎంత తేలికో నాకు తెలిసింది. ఆ తెల్లరంగు పూసిన బోర్డు రాసినవాళ్లకు కూడా ఉగాది మాట ఎవరో అలాగే చెప్పి ఉంటారు. అయినా వాళ్లు ఎవరింటికీ వెళ్లి తప్పయిందని చెప్పలేదు. ఆ తేడా ఉంది.

ఇంజినీరబ్బాయి రెండు రోజులు దుకాణం వైపు రాలేదు. మూడోరోజు వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. “క్రేన్ తీయాల్సిన మనిషికి ఆర్డరు సంగతి ఎవరూ సెప్పనేదండీ. నాకు సెప్పినోళ్లకీ తెలీదు. నేనే పొద్దున్నే వచ్చి సూసుకోవాల్సింది,” అన్నాడు. ఆవిడ మిషన్ ఆపి, “లోపలికొచ్చి తిను. ముఖం జూడు ఎట్లయిందో,” అంది. అతను తింటూ తింటూ ఏడ్చాడు. మేం చూడనట్టు ఊరుకున్నాం.

బల్ల లేకపోతే జనం ఊరుకోలేదు. ఆటోవాళ్లు హారన్ కొట్టి అడిగేవారు. మాస్టర్ గారు ఎవరికీ జవాబు చెప్పకుండా తలవంచుకుని కుట్టుకునేవారు. ఆయన అంత మౌనంగా ఉండటం ఆవిడకూ నచ్చలేదు. గురువారం సాయంత్రం నేను దుకాణంలో ఉండగానే ఆ అమ్మాయి చేతిలో చుడీదార్ గుడ్డతో వచ్చింది. కొలతలు ఇచ్చి, మూలనున్న బల్లను చూసి, “అదెందుకు తీసేశారు?” అంది.

మాస్టర్ గారు టేపు చుట్టడంలో పడ్డారు. నేనే, “నీకు జరిగింది చాలదా అమ్మా?” అన్నాను.

“అలా కాదు మేడమ్. ఏది మీరు చూసి రాశారో, ఏది ఎవరో చెబితే రాశారో పక్కన రాయండి. అప్పుడు ఎవరి జాగ్రత్తలో వాళ్లుంటారు.”

“మెట్రో ఎప్పుడొస్తదని రోజూ అడుగుతరు బిడ్డా. దానికి ఏం రాయాలె?” అన్నారు మాస్టర్ గారు.

“తెలియదని రాయండి.”

“గంత పెద్దగా తెల్వదని రాసి దుకాణం ముంగట పెడితే ఇజ్జత్ ఏముంటది?”

ఆవిడ కాజా కుడుతూ తలెత్తకుండానే అంది: “తెల్వనిది తెల్వదంటే ఇజ్జత్ పోదు. మొన్న పోయింది గదా, అది ఎందుకు పోయిందో మతికి లేదా?”

మాస్టర్ గారు లేచి బల్లను ఇటు తిప్పి దుమ్ము తుడిచారు. శుక్రవారం పొద్దున మేం మళ్లీ రాశాం. ‘బస్సు బంకు దగ్గర ఆగుతోంది (మాస్టర్ చూశారు). ఎడమ వైపు రోడ్డు సాయంత్రం మూస్తారట (ఇంజినీరు చెప్పారు, మేం చూడలేదు). మెట్రో: తెలియదు.’ ఈసారి పూలతీగ లేదు. అక్షరాలకు వంపులు కూడా తగ్గించాను.

జనం నవ్వుతారనుకున్నాం. నవ్వలేదు. తర్వాత తర్వాత ఇంజినీరబ్బాయి కూడా, “ఇది ఖాయం”, “ఇది నా అనుమానమండీ” అని విడదీసి చెప్పడం నేర్చుకున్నాడు. ఒకసారి వాళ్ల పై అధికారి కారులో పోతూ బల్ల చదివి, మా వాడికి ఫోన్ చేసి, ఎడమ వైపు ఎప్పుడు మూస్తున్నారని అడిగాడట.

అమ్మాయి ఆ తర్వాత ఇంకో పరీక్ష రాసింది. ఆ రోజు మాస్టర్ గారు నమాజు తర్వాత దారంతా రెండుసార్లు నడిచి చూసి, ఆమె ఆటో ఎక్కేదాకా రోడ్డు మీదే నిలబడ్డారు. ఆమె గేటు తెరవక ముందే చేరి, అక్కడ గంటన్నర ఖాళీగా కూర్చుందట. ఉద్యోగం ఇంకా రాలేదు. లిస్టులో పేరు మాత్రం ఉంది. పిలుపు కోసం చూస్తోంది.

లైను కూడా ఇంకా రాలేదు. వానలకు పని ఆగింది. కొన్నిచోట్ల రేకులు తీశారు, కొన్నిచోట్ల తీయలేదు. తీసినచోట కొత్త తారు వేశారు. తీయనిచోట పిచ్చిమొక్కలు మొలిచాయి. మాస్టర్ గారి మెట్ల మీద ఎర్రగీతకు ఏమవుతుందో మాకు ఎవరూ చెప్పలేదు.

మొన్న ఇంజినీరబ్బాయికి వేరే సైటుకు బదిలీ అయింది. వెళ్లే ముందురోజు ఒక ప్యాకెట్టు పట్టుకుని దుకాణానికి వచ్చాడు. లోపల ముదురు ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఉంది. వాళ్లమ్మ కోసం కొన్నాడట.

“కొలత జాకెట్టు ఏది?” అడిగారు మాస్టర్ గారు.

అతను తెల్లమొహం వేశాడు. కొలత కావాలని అతనికి తోచనే లేదు. అటూ ఇటూ చూసి నన్ను చూశాడు. “టీచర్ గారంత ఉంటదండీ. ఇంచుమించు.”

మిషన్ దగ్గర ఆవిడ పకపకా నవ్వింది. నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. నా కొలతలు ఆయన పుస్తకంలో ఎప్పటినుంచో ఉన్నాయి కనుక టేపు తీయనక్కర్లేకపోయింది. ఆ రాత్రికి ఉక్సులు కుట్టి, ఇస్త్రీ చేసి, పొద్దున్నే అతని చేతిలో పెట్టారు. అతను మాస్టర్ గారి కాళ్లకు దణ్ణం పెట్టబోతే ఆయన భుజాలు పట్టుకుని లేపేశారు.

ఆదివారం సాయంత్రం అతని దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. నేను దుకాణంలోనే ఉన్నాను. జాకెట్టు వాళ్లమ్మకు బాగా నచ్చిందట, భుజాల దగ్గర మాత్రం కొంచెం వదులైందట. మాస్టర్ గారు ఫోన్ చెవికి ఆనించుకుని ఒక కంట నా భుజాల వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నారు.

“ఏం ఫికర్ జేయకు బేటా,” అన్నారు. “పండుగకు అమ్మను తీసుకొనిరా. ఈడనే కూర్చోబెట్టి సరిజేసి ఇస్త.”